కుడివైపు భుజం

వెళ్ళిపోయారు. చూడ్డానికొచ్చిన కంపెనీవాళ్ళు ఏడుగురూ ఒకరి వెనక ఒకరు అద్దాల తలుపు దాటి లిఫ్టెక్కి పైఅంతస్తుకు వెళ్ళిపోయారు, తలుపు దానంతటదే మూసుకుంది, ఇక ఈ హాల్లో మిగిలింది నేనూ ఇదీ. ఇది అంటే కారు. పేరుకే కారు, లోపల ఇనుప చట్రం, దాని మీద చెక్క, చెక్క మీద నురగదిమ్మెలు, పైన నాలుగు వేళ్ళ మందాన మట్టి, మట్టి మీద వెండిరంగు పొర. దూరం నుంచి చూస్తే తాళంచెవి ఇవ్వడమే తరువాయి అన్నట్టు ఉంటుంది. దగ్గరికొచ్చి అద్దంలోంచి తొంగి చూస్తే నల్లరంగు పూసిన దిమ్మె కనిపిస్తుంది. ఇద్దరు కూర్చునే బండి, ఒక్కరికీ చోటు లేదు. గోడగడియారంలో పదకొండూ ఐదు. పన్నెండుకల్లా తేల్చేస్తారని, అమ్మకాల అంచనాలు కట్టే లెక్కలమ్మ వెళ్తూ వెళ్తూ చెప్పింది. దీన్ని తయారుచెయ్యాలా, వద్దా అని. చెయ్యమంటే మూడేళ్ళలో రోడ్డు మీద ఉంటుంది. వద్దంటే మధ్యాహ్నం భోజనాలయ్యాక స్క్రేపరు పట్టుకుని ఈ మట్టంతా నేనే ఊడదియ్యాలి. ముప్ఫై ఏళ్ళలో ఇలాంటి స్పోర్ట్స్ కార్లు పది చేశాం, పదింటినీ ఊడదీశాం, ఒక్కటీ రోడ్డెక్కలేదు, అయినా ఎప్పుడూ ఇలా గడియారం చూస్తూ కూర్చోలేదు. చేశాం, ఊడదీశాం అంటున్నాను. అప్పుడు అన్న ఉండేవాడు కాబట్టి ఆ మాట సరిపోయేది.

అన్న అంటే తోడబుట్టినవాడు కాదు, నాకంటే నాలుగేళ్ళు ముందు ఈ హాల్లో పనికి చేరినవాడు. మట్టి బండికి ఇద్దరు పనివాళ్ళు, ఒకరు ఎడమవైపు, ఒకరు కుడివైపు. నేను వచ్చిన రోజున ఆయన కుడివైపు నిలబడి ఉన్నాడు, అందుకని నాకు ఎడమవైపు దక్కింది, ఆ తర్వాత ఎన్ని బండ్లు మారినా అదే. మధ్యలో బండి. వంగి పనిచేస్తుంటే ఒకరికొకరం కనిపించం, మాటలు మాత్రం కప్పు మీదుగా అటూ ఇటూ పోతుంటాయి. ఆలోచిస్తే ఆయన ముఖం కన్నా గొంతే నాకు ఎక్కువ తెలుసు. గంటకోసారి "అటెలా ఉందిరా?" అనేవాడు. "ఇటు బాగానే ఉందన్నా, అటెలా ఉంది?" అనేవాణ్ణి. "ఇటు దివ్యంగా ఉంది, నీదే అనుమానం" అనేవాడు. ఓవెన్లో మట్టికడ్డీలు మెత్తబడుతుంటే గంధకం వాసన, కొత్తవాళ్ళు ముక్కు మూసుకుంటారు, నాకు మాత్రం ఇంటికెళ్ళాక అది లేకపోతే తోచదు. ఈ మట్టి పారేసేది కాదు, ఊడదీసి, వేడిచేసి, మళ్ళీ వాడతాం. "పోయిన జన్మలో ఇది పాలవ్యానురా, ఏం పుణ్యం చేసుకుందో స్పోర్ట్స్ కారై పుట్టింది" అనేవాడు. ఊడదీసే రోజున "చేసుకున్నవాళ్ళకు చేసుకున్నంత, మళ్ళీ పాలవ్యానే పో" అని మట్టిపెళ్ళను బుట్టలోకి విసిరేవాడు. నిజంగానే పదిసార్లలో రెండుసార్లు ఆ మట్టి పాలవ్యానైంది. ఆయన పోయి ఎనిమిది నెలలు. పక్క హాల్లో కొత్త బండ్లకు కుడివైపును ఇప్పుడు మిషను చెక్కుతోంది, ఎడమవైపు కొలిచి అటు దించేస్తుంది. మిషనుకు మాటలు రావు. అలవాటు కొద్దీ ఒకరోజు "అటెలా ఉంది" అనేశాను, నేల తుడిచే ఆవిడ తలెత్తి, ఎవరితో మాస్టారూ అంది. ఎవరితోనూ కాదమ్మా అన్నాను.

ఈ బండి కుడివైపు మాత్రం మిషను తాకలేదు. అంతా ఆయన చేతిదే. పదకొండూ పధ్నాలుగు.

స్పోర్ట్స్ కారు చెయ్యాలా వద్దా అన్నది ఎలా తేలుస్తారో నాకు చాలాకాలం తెలియదు. బాగుంటే చేస్తారు, బాగాలేకపోతే మానేస్తారు అనుకునేవాణ్ణి. ఊడదీసిన ప్రతిసారీ ఎక్కడో తక్కువ చేశాం కాబోలని ఇంటికి పోయి నిద్రపట్టక దొర్లేవాణ్ణి. అసలు సంగతి లెక్కలమ్మ చెప్పింది. ఆమె పైఅంతస్తులో ఏ బండ్లు ఎన్ని అమ్ముడుపోతాయో అంచనాలు కడుతుంది, ఆ పేరు అన్న పెట్టిందే. అన్న పోయాక క్యాంటీనులో నా బల్ల దగ్గర రెండో కుర్చీ ఖాళీగా ఉండేది, ఒకరోజు ఆమె ట్రే తెచ్చుకుని అందులో కూర్చుంది, ఆమెతో కూడా ఎవరూ తినరట, అంచనాలు కట్టేవాళ్ళంటే అందరికీ భయం. "బండి బాగుండటం మొదటి మెట్టు కూడా కాదు మాస్టారూ. స్పోర్ట్స్ కారు కొనాలని ఉన్నవాడి దగ్గర డబ్బుండదు, డబ్బు చేతికొచ్చేసరికి మోకాళ్ళు వంగవు," అంది. మరెందుకు చేస్తారమ్మా అంటే వేళ్ళు మడిచి చెప్పింది. దాన్ని చూడ్డానికి షోరూముకు వచ్చినవాళ్ళు పక్కనున్న ఫ్యామిలీ కారు కొనుక్కుపోతారని. మంచి ఇంజనీర్లు విసుగెత్తి వేరే కంపెనీకి పోకుండా ఉంటారని. ఇప్పటికే ఉన్న ఏదో బండి అడుగుభాగం దీనికీ సరిపోతే, లేదా ఇంకో కంపెనీ సగం ఖర్చు భరిస్తే సరేనని. "ఒక్కోసారి," అని గొంతు తగ్గించింది, "పెద్దాయన కుర్రతనంలో అలాంటిది కొనుక్కోలేకపోయాడని." పెద్దాయన అంటే కంపెనీకి పెద్ద. ఆయన పక్కన ఎప్పుడూ ఇంకొకాయన ఉంటాడు, డబ్బు వ్యవహారమంతా ఆయనదే, దేనికైనా ముందు వద్దంటాడు, ఆయనకు బ్రేకాయన అని పేరు, అదీ అన్న పెట్టిందే. బండికి బ్రేకుండాలి కానీ బ్రేకే బండి తోలకూడదురా అనేవాడు.

రెండు నెలల కింద లెక్కలమ్మ ఈ హాల్లోకి బయటివాళ్ళను రెండువందల నలభైమందిని పిలిపించింది, ఫోన్లు బయటే తీసుకుని, ఏ కంపెనీయో చెప్పకుండా ఈ బండిని చూపించింది. నేను గోడవారన నిలబడ్డాను, ఎవరైనా గోరుతో గీరితే పూడ్చడానికి. అందరూ అద్భుతం అన్నారు. కొంటారా అని అడిగితే అందరూ చెప్పులవంక చూసుకున్నారు. ఒకతను రెండు ప్రదక్షిణాలు చేసి, వెనక సీటు లేదా అన్నాడు. లేదండీ అంది. "మరి మా అమ్మ ఎక్కడ కూర్చుంటుంది?" అన్నాడు. లెక్కలమ్మ ఆ మాటను అలాగే కాగితం మీద రాసుకుంది, నేను చూశాను. అందరినీ వడపోస్తే ఏడాదికి ఆరువేల బండ్లు తేలాయి. బ్రేకాయనకు పదిహేనువేలు కావాలి. ఆ ఆరువేలమంది ఎవరా అని ఆలోచిస్తాను నేను. పక్కన ఒక్కరు చాలు అనుకునేవాళ్ళు, లేదా ఒక్కరు కూడా లేనివాళ్ళు. నేనున్నాను, పెళ్ళీ పెటాకులూ లేని ఒంటికాయ శొంఠికొమ్మును, నాకు రెండు సీట్లు కూడా ఎక్కువే, రెండోదాంట్లో కూరగాయల సంచీ పెట్టుకోవాలి. ఇదివరకైతే ఈ మాట అటువైపుకు విసిరి నవ్వించేవాణ్ణి.

పనిలో చేరిన రోజునే ఇక్కడ ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుంటారు. రోడ్డెక్కిన బండి గురించి ఎవరికైనా చెప్పుకోవచ్చు. రోడ్డెక్కేదాకా కట్టుకున్న పెళ్ళానికి కూడా చెప్పకూడదు. అసలు రోడ్డెక్కకుండా పోయినదాని గురించి చచ్చేదాకా చెప్పకూడదు. వదినకు, అంటే అన్న భార్యకు, అన్న చేసేది ఏమిటో మూడేళ్ళు ఆలస్యంగా తెలిసేది. కొత్త బండి అమ్మకానికి రాగానే ఆవిణ్ణి వాళ్ళ వీధి మలుపు దగ్గరికి తీసుకెళ్ళి నిలబెట్టేవాడట, అది ఎదురయ్యేదాకా ఇద్దరూ అక్కడే, వర్షమైనా సరే. అదిగో, ఆ తలుపు చూడు, నాది. మరి అటువైపు తలుపో అంటే, అది మా తమ్ముడిది, కాస్త వంకర అనేవాడట. సెలవురోజుల్లో నేను వాళ్ళింట్లోనే తినేవాణ్ణి, ఆ వంకర గురించి వదిన నన్ను ఏడిపించేది, వడ్డిస్తూ గిన్నె కాస్త వంచి, నీవైపు ఇలాగే ఉంటుందట కదయ్యా అనేది. ఇప్పుడూ వెళ్తున్నాను, ఒక ఆదివారం విడిచి ఒక ఆదివారం. తింటాం, గిన్నెలు తీస్తాం, తర్వాత ఏం మాట్లాడుకోవాలో ఇద్దరికీ తెలియదు. పోయినసారి ఆవిడ బల్ల తుడుస్తూ తుడుస్తూ ఆగి అడిగింది, "చివరి రెండేళ్ళూ ఏం చేశాడయ్యా మీ అన్న? చెయ్యి వణుకుతుంటే చొక్కా గుండీలు నేనే పెట్టేదాన్ని. అయినా తెల్లారకముందే పరిగెత్తేవాడు. దేనికోసం?" నేను గ్లాసులోకి చూశాను. "పనే వదినా," అన్నాను. "పనేలే," అంది. కోప్పడి ఉంటే బాగుండేది. ఆ రోజు బస్సులో ఇంటికొస్తూ, ఈ లోకంలో ఆయన గురించి ఆవిడకు తెలియనిది నాకొక్కడికే తెలుసు కదా, అది మోసుకుని ఎక్కడికి పోతున్నాను అనిపించి, దిగాల్సిన చోటు దాటి రెండు స్టాపులు పోయాను. ఈ బండి రోడ్డెక్కితే చాలు. మూడేళ్ళు పోయాక ఆవిణ్ణి మలుపు దగ్గర నిలబెట్టి చూపిస్తాను. నాకు ఇంకేమీ వద్దు, నిజంగా వద్దు.

పదకొండూ ఇరవై ఎనిమిది. లిఫ్టు ఎక్కడో కదిలిన చప్పుడు. ఈ అంతస్తుకు కాదు.

చెయ్యి జారిన రోజు. అది తలుచుకోకూడదనే ఇంతసేపూ చుట్టూ తిరుగుతున్నాను. సాయంత్రం నాలుగవుతోంది, వెనకచక్రం మీదుండే ఎత్తును మేము భుజం అంటాం, అన్న కుడివైపు భుజాన్ని ఉక్కుపట్టీతో నునుపు చేస్తున్నాడు, రెండు చేతులతో వంచి పట్టుకుని ఒక్క ఊపులో లాగాలి, మధ్యలో ఆగకూడదు. పట్టీ మట్టి మీద జారే చప్పుడు నాకు ఇటువైపు వినిపిస్తోంది, అది సగంలో తెగింది. "ఏమైందన్నా?" పట్టీ కింద పెట్టిన చప్పుడు. కాసేపటికి, "ఒరేయ్, చెయ్యి జారింది. మూడు మిల్లీమీటర్లు దిగిపోయింది. ఎవరికీ చెప్పకు, రేపు పొద్దున్నే నింపేస్తాను." సరేనన్నాను. గుడ్డ కప్పుతున్న చప్పుడు. వెళ్ళేముందు మళ్ళీ, "రేపు నాకు వీలుకాకపోతే నువ్వు నింపెయ్," అన్నాడు, ఉప్పు అయిపోయింది తెచ్చిపెట్టు అన్నంత మామూలుగా. మర్నాడు రాలేదు. ఆసుపత్రిలో పదకొండు రోజులున్నాడు, మట్టిసంగతి మళ్ళీ మా మధ్య రాలేదు, నేను ఎత్తలేదు, ఆయన అడగలేదు.

ఆయన పోయిన నాలుగో రోజున ఓవెన్లోంచి మట్టికడ్డీ తీసుకుని మొదటిసారి కుడివైపుకు వెళ్ళాను. ముప్ఫై ఏళ్ళలో అటు నిలబడి పని చెయ్యలేదు, కాళ్ళ దగ్గర నేల ఆయన బూట్లకు అరిగిన చోట నా బూట్లు సరిగ్గా ఆనలేదు. గుడ్డ తీశాను. పైనున్న ట్యూబులైటు గీత బండి ఒంటి మీదుగా వచ్చి, భుజం దగ్గర ఒక మెట్టు దిగి, మళ్ళీ తేరుకుని వెనక్కి పోతోంది. నా వైపు అది తిన్నగా పోతుంది, గీసిన బొమ్మలో ఉన్నట్టే. నింపడం పావుగంట పని. కడ్డీ చేతిలో చల్లారిపోయింది, మళ్ళీ వేడిచేసి తెచ్చాను, మళ్ళీ చల్లారింది. చివరికి దాన్ని ఓవెన్లో పడేసి, ఉక్కుపట్టీ తీసుకుని నా వైపుకొచ్చి, బాగున్న నా భుజాన్ని మూడు మిల్లీమీటర్లు దించేశాను. చెయ్యి జారినప్పుడు ఎలా దిగుతుందో అలా చెయ్యి జారకుండా దించడం ఎంత కష్టమో, నాలుగుసార్లు చెడగొట్టాను. బొమ్మ గీసిన డిజైనరు పొద్దున వచ్చి రెండుసార్లు చుట్టూ తిరిగి, ఏం చేశారు మాస్టారూ అన్నాడు. ఏమీ చెయ్యలేదన్నాను. "ముట్టుకోకండి, ఇలాగే ఉంచండి," అన్నాడు. జబ్బుమనిషి చెయ్యి వణికిందని నేను చెప్పలేదు. అంతవరకూ బాగానే ఉంది. తర్వాత రేకు నొక్కే షాపు పెద్ద వచ్చి భుజం మీద స్కేలు పెట్టి నాలుక చప్పరించాడు. ఇంత లోతుకు రేకు ఒక్క దెబ్బకు రాదు, చిరుగుతుంది, రెండు దెబ్బలు కావాలి, ఇంకో అచ్చు కావాలి అన్నాడు. పోయినవారం క్యాంటీనులో లెక్కలమ్మ తింటూ తింటూ, "ఆ భుజం ఒకటి మన ప్రాణం తీస్తోంది మాస్టారూ, ఆరువేల బండ్ల మీద రెండో అచ్చు ఖర్చు ఎలా వేస్తాను, బ్రేకాయన ముందుగా చూసేది దాన్నే," అంది. ఆమెకేం తెలుసు. నింపమని ఆయన అడిగిందే ఒక్కటి, అదీ చెయ్యకుండా, పైగా ఆ తప్పును రెండు చేశాను. ప్రేమనుకుని చేసిన పని ఇప్పుడు ఆయన బండినే మట్టి చెయ్యబోతోందా?

పదకొండూ నలభై. పొద్దున పెద్దాయన బండి చుట్టూ తిరిగాడు. కుడివైపు వెనకచక్రం దగ్గర ఆగి అరచెయ్యి ఆనించాడు, భుజం మీదుగా నెమ్మదిగా జార్చి, ఆ దిగుడు దగ్గర ఆపి, అలాగే ఉండిపోయాడు. బ్రేకాయన వాచీ చూసుకున్నాడు. అది తప్పు పట్టుకున్న చెయ్యో, అమ్మేసేముందు దూడను నిమిరే చెయ్యో నాకు తెలియలేదు, తల వంచుకుని స్క్రేపరు తుడుస్తూ నిలబడ్డాను, అప్పటికే అది మూడుసార్లు తుడిచినదే. నోరు తెరిచి చెప్పి ఉండాల్సింది. అయ్యా, అది పొరపాటు, పావుగంటలో నింపేస్తాను, రేకు ఒక్క దెబ్బకే వస్తుంది అని. చెబితే ఏమవుతుంది, నా ఉద్యోగం పోతుంది, పోనీ. భుజం నింపినా మిగతా కుడివైపంతా ఆయనదేగా, తలుపు ఆయనదేగా, వదినకు చూపించడానికి తలుపు చాలదూ? ఎనిమిది నెలలు ఈ మాట తట్టలేదు నాకు, ఈ గంటలో తట్టింది. ఓవెన్ వేడిగానే ఉంది. పదకొండూ నలభై ఏడు. ఇంకా పదమూడు నిమిషాలుంది. లేచాను. అద్దాలతలుపు దాటి లిఫ్టు మీట నొక్కాను, మళ్ళీ నొక్కాను, పైకెళ్ళి ఏడుగురి ముందు మొదటి మాట ఏమనాలో వెతుక్కుంటున్నాను, ఇంతలో లిఫ్టు వచ్చింది, తలుపు తెరుచుకుంది, లోపల లెక్కలమ్మ ఫైలు గుండెకు హత్తుకుని నిలబడి ఉంది.

"ఎక్కడికి మాస్టారూ?"

"పైకేనమ్మా. ఒక్క మాట చెప్పాలి వాళ్ళకు."

"అయిపోయింది," అంది. "వద్దన్నారు."

నేను గోడకు చెయ్యి ఆనించాను. "ఆ భుజం వల్లేనా?"

"భుజమా?" ఆమె నన్ను వింతగా చూసింది. "వద్దనడానికి భుజం దాకా రానేలేదు. సగం భరిస్తామన్న కంపెనీ నిన్ననే వెనక్కి తగ్గిందట. ఆరువేల బండ్లకు మన ఒక్కరి వల్ల కాదని పది నిమిషాల్లో తేల్చేశారు. మిగతా సేపంతా భుజం గురించే."

"అంటే?"

"పెద్దాయన ఆ భుజం వదలనన్నాడు. వచ్చే ఫ్యామిలీ కారుకు పెట్టమన్నాడు. రెండో అచ్చు కావాలండీ అంటే, ఆరువేల బండ్ల మీద వేస్తే బరువు, ఏడాదికి రెండు లక్షల బండ్ల మీద వేస్తే ఎంతమ్మా అని నన్నే అడిగాడు. చెప్పాను. బ్రేకాయన తలూపాడు మాస్టారూ, నా కళ్ళారా చూశాను."

నాకు ఆ క్షణంలో నోటికి వచ్చింది వేరే మాట. "దాంట్లో వెనక సీటు ఉంటుందా?"

"ఉండకేం, ముగ్గురు కూర్చోవచ్చు," అంది, అని ఆమెకూ ఆ రెండు ప్రదక్షిణాలవాడు గుర్తొచ్చినట్టున్నాడు, నవ్వింది. తర్వాత ఫైలు తెరిచి, "మట్టి ఊడదీసేముందు కొలతలు తీసుకోవాలి. ఒకవైపు చాలన్నారు, రెండూ ఒకటేగా. ఎటువైపుది రాసుకోమంటారు?"

"ఒకటి కాదమ్మా," అన్నాను. "ఎడమవైపుది నకలు. కుడివైపుది రాసుకోండి."

ఆమె రాసుకుంది. ఎందుకని అడగలేదు. ఆమె వెళ్ళాక బయట బీరువా తెరిచి నా ఫోను తీసుకున్నాను. ఈ బండి గురించి ఇక చచ్చేదాకా ఎవరికీ చెప్పకూడదు, రెండేళ్ళ పని, ఆయన పొద్దున్నే పరిగెత్తిన పని, సాయంత్రానికి బుట్టల్లో ఉంటుంది. అది తలుచుకుంటే ఏడుపొచ్చింది, ఆపుకోలేదు, ఎవరున్నారు చూడ్డానికి. ముఖం తుడుచుకుని వదినకు ఫోను చేశాను.

"ఏమయ్యా, పనివేళలో చేశావు? ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉంది వదినా. మీ ఆరోగ్యం ఎలా ఉంది?"

"మోకాళ్ళు తప్ప అన్నీ ఉన్నాయి. ఏమిటి సంగతి?"

"ఇంకో మూడేళ్ళు మీరు జాగ్రత్తగా ఉండాలి."

"మూడేళ్ళేమిటి?"

"చెప్పకూడదు."

అటు కుళాయి కట్టేసిన చప్పుడు వినిపించింది. ఆ మాట చెప్పే మనిషితో ఆవిడ బతుకంతా కాపురం చేసింది.

"మలుపు దగ్గరికి రావాలా?" అంది.

"రావాలి వదినా."

"తలుపేనా?"

"తలుపు కాదు. కాస్త వెనక. కుడివైపు."

"అలా చెబితే నాకేం తెలుస్తుందయ్యా," అంది వదిన. "నువ్వూ ఉండాలి. వేలు పెట్టి చూపించాలి."

ఉంటానన్నాను. ఫోను బీరువాలో పెట్టి, తాళం వేసి, హాల్లోకి వచ్చి స్క్రేపరు తీసుకున్నాను. కుడివైపు కొలతలు తీసేవాళ్ళు వచ్చేదాకా దాని జోలికి పోకూడదు. నా వైపు నుంచి మొదలుపెట్టాను.